ఎంత కావాలో అంత వదులు

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దసారుకి, ఆయన పక్కన కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న స్టోర్సు సారుకి, ముందు వరుసలో ఉన్న మన వీధి పెద్దలకి, కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకి చేరబడితే తప్ప నిలవలేని మా జట్టువాళ్లకి, అందరికన్నా ముందు చెప్పాల్సింది ఇంత వెనక చెబుతున్నందుకు ఇంటికెళ్లాక ఎలాగూ నన్ను నిలదీయబోయే మా ఆవిడకి, ఇవాళ ఎవరికి వీడ్కోలు చెప్పడానికి ఇంతమందిమి చేరామో ఆ ఇంజనీరు మేడమ్‌గారికి, పేరుపేరునా నమస్కారం. (నవ్వులు)

నన్ను మాట్లాడమన్నది మేడమ్‌గారే. వద్దన్నాను. "స్తంభం ఎక్కమంటే ఎక్కుతాను గానీ మైకు దగ్గరికి పంపకండి" అని బతిమాలుకున్నాను. "స్తంభాలు లేవుగా, ఇంకేం ఎక్కుతారు, మైకే ఎక్కండి" అన్నారు. ఆవిడతో మాటల్లో నెగ్గినవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, నేను దిగిపోతాను. పెద్దసారు కూడా ఎత్తడం లేదు, గమనించారా. (నవ్వులు)

నా అసలు పేరు జీతం రోజున తప్ప వినబడదు. ఇక్కడ అందరికీ నేను బిగువన్నని. స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగ లాగితే ఒక్కటి కూడా పక్కదానికన్నా జారి వేలాడకూడదని నా పంతం. పైన కూర్చుని "ఇంకా లాగు, ఇంకా లాగు" అని అరిచే నా గొంతు విని వీధివాళ్లు కరెంటు ఇప్పట్లో రాదని తెలుసుకునేవాళ్లు. ఆ అరుపుకి కింద తాడు పట్టుకుని తిట్టుకునేవాడు మా బావమరిది. అదిగో, కిటికీ దగ్గర పళ్లికిలిస్తూ నిలబడ్డాడు. అక్కని నాకిచ్చినందుకు వాడు ఇన్నాళ్లూ బాధపడింది అక్క కోసం కాదు, తన అరచేతుల కోసం.

ఆ కిటికీలోంచి కనబడే మన వీధి అప్పట్లో ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. కరెంటు తీగలు, వాటి కింద ఫోను తీగలు, వాటి కింద టీవీ తీగలు, ఎవరివో ఎవరికీ తెలియని తెగిన ముక్కలు. మన దర్జీగారి మేడ మీద గదికి మంచి కిటికీ ఉండేది, కానీ రెక్క తెరిస్తే తీగకి తగులుతుందని ఆయన దానికి మేకు కొట్టేసి, పట్టపగలు దీపం వేసుకుని కాజాలు కుట్టేవారు. గాలి గట్టిగా వీస్తే తీగలు ఒకదానికొకటి రాసుకుని వీధంతా చీకటి. ఇవన్నీ భూమిలోకి దించాలని మేడమ్‌గారు పై ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి సాధించుకొచ్చారు. కబురు వినగానే వీధంతా చప్పట్లు కొట్టింది. మా జట్టు మాత్రం కొట్టలేదు.

ఎందుకు కొడతాం? మేం ఎక్కేవాళ్లం. తీగలన్నీ భూమిలోకి పోతే మేమెక్కడికి పోవాలి? తవ్వి కేబుల్ వేసే పని బయటి కాంట్రాక్టరుకి ఇచ్చేసి, మమ్మల్ని తలా ఒక ఊరికి విడగొట్టి పంపుతారని అప్పటికే అనుకుంటున్నారు. పాతికేళ్లుగా ఒకే తాడు పట్టుకున్న మనుషులం మేము. పైనున్నవాడి కాలి కదలికని బట్టి కిందవాడు తాడు వదిలేవాడు. అది ఇంకో ఊళ్లో ఇంకో మనిషితో కుదిరే పనేనా? ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. మా ఆవిణ్ణి అడగండి.

మేడమ్‌గారు పెద్దసారు దగ్గరికెళ్లి కూర్చున్నారు. ఏం మాట్లాడారో మాకు తెలియదు, తలుపు మూసి ఉంది, సారు గొంతు మాత్రం బయటికి వినబడింది. (నవ్వులు) క్షమించాలి సార్, మీది మామూలుగానే పెద్ద గొంతు కదా. చివరికి తేలిందేమిటంటే, వీధి మొదటి మలుపు నుంచి దర్జీగారి కొట్టు దాకా కేబుల్ మా జట్టే వేస్తుంది, సారు వచ్చి చూస్తారు, బాగుంటే వీధి మొత్తం మాది, బాగోకపోతే కాంట్రాక్టరుది.

ఇహ చూడండి మా పని. కందకం తవ్వాం, అడుగున ఇసక పరిచాం, కేబుల్ దించాం. దించి, ఆ కొసన మా బావమరిది, ఈ కొసన నేను, "ఇంకా లాగు, ఇంకా లాగు" అని నా పాత పాటే పాడి, గీత గీసినట్టు వేశాం. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసి మెచ్చుకున్నారు. సారు మర్నాడు పొద్దున్నే వస్తారనగా ఆ సాయంత్రం మేడమ్‌గారు వచ్చి, కందకంలోకి దిగి, కేబుల్ మీద చెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచారు.

"ఎంత చక్కగా వేశారు," అన్నారు. మా ఛాతీలు ఇంత ఉబ్బాయి. "తీసేద్దాం," అన్నారు.

మా బావమరిది పరాచికం అనుకుని పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "స్తంభం మీదయితే దీనికి వంక పెట్టేవాడు లేడు," అన్నారు. "కానీ నేల కదులుతుంది. వాన పడితే కుంగుతుంది, ఎండకి బిగుస్తుంది. కరెంటు పోటెక్కితే కేబుల్ వేడెక్కి సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఇంత బిగువుగా ఉంటే ముడుచుకోవడానికి చోటేది? పోయి పోయి అతుకు దగ్గర ఊడుతుంది."

నేను పక్కకి పిలిచి చెప్పాను. "మేడమ్, ఇది మా కూడు. రేపు సారు చూసి వెళ్లాక, తర్వాత మెల్లగా తీసి సరిచేసుకుందాం. ఇవాళ్టికి పూడ్చేద్దాం."

"పూడ్చితే రేపు పాసవుతుంది, పని మీకే వస్తుంది," అన్నారు. "వచ్చే ఎండాకాలం అతుకు ఊడితే ఆ పేరూ మీకే వస్తుంది. ఎక్కేవాళ్లని భూమిలోకి దించితే ఇంతే అంటారు. అప్పుడు మీ కోసం నేను ఎవరి దగ్గరికీ వెళ్లలేను."

నాకు కోపం వచ్చింది. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాను. కూడు లాక్కుంటున్న మనిషి మీద వచ్చేంత కోపం వచ్చింది. ఆవిడ నా మొహం చూశారు, చేతి గడియారం తీసి సంచిలో వేసుకున్నారు, వంగి కేబుల్ కింద చేతులు పెట్టారు. ఇహ మేం నిలబడి చూస్తామా?

అసలు తమాషా అప్పుడు జరిగింది. వదులుగా వెయ్యమన్నారు కదా అని మా బావమరిది, నా మీద కసి కూడా కలిపి, కేబుల్‌ని చుట్టలు చుట్టలుగా కందకంలో పారేశాడు. మేడమ్‌గారు అది చూసి నడుం మీద చేతులు పెట్టుకుని అన్న మాట మా జట్టులో ఎవరినడిగినా చెబుతారు. "బాబూ, వదులంటే వదిలెయ్యడం కాదు. పట్టుకునే ఉండాలి, ఎంత కావాలో అంత ఇవ్వాలి."

పొద్దున్న సారు వచ్చేసరికి కందకం నోరు తెరుచుకుని ఉంది, సగం కేబుల్ పైనే ఉంది, మా ఒంటి నిండా మట్టి. సార్, మీరు అప్పుడు అన్న మాటలు ఈ సభలో చెప్పను. (నవ్వులు) అన్నీ విని మేడమ్‌గారు, "సార్, ఒకసారి మీ చెయ్యి ముందుకి చాపండి," అన్నారు. అంత కోపంలోనూ సారు చాపారు. "ఇంకొంచెం చాపండి."

"ఇంకెక్కడికి చాపనమ్మా, భుజం ఊడొస్తుంది."

"మా కేబులూ నిన్న అదే అంది సార్."

సారు చాపిన చెయ్యి అలాగే పెట్టుకుని కాసేపు కందకంలోకి చూశారు. తర్వాత మోచెయ్యి వంచి, మళ్లీ చాపి, మళ్లీ వంచి, "ఎల్లుండి వస్తాను," అని వెళ్లిపోయారు. సార్, మీకూ ఆ రోజు నుంచి బాకీపడ్డ దణ్ణం ఒకటుంది, ఇదిగో. (చప్పట్లు)

ఆ తర్వాతది మీకు తెలిసిందే. వీధి మొత్తం మా జట్టే వేసింది. ఎన్ని ఎండాకాలాలు వచ్చాయో, ఎన్ని వానలు పోయాయో, ఒక్క అతుకు ఊడలేదు. మా జట్టులో ఒక్క మనిషి ఊరు మారలేదు. దర్జీగారు మేకు పీకి కిటికీ తెరిచారు, ఆ గదిలో కుట్టు తప్పులు అప్పటిదాకా దీపం మీదకి తోసేవారు, ఇప్పుడు కళ్లద్దాల మీదకి తోస్తున్నారు. (నవ్వులు)

ఒక్కటి మాత్రం మీలో చాలామందికి తెలియదు. పాత తీగలు దించేసే రోజున వీధంతా పండగలా ఉంటే నేను ఆఫీసు వెనకాల కూర్చున్నాను. నా చేత్తో లాగిన తీగలవి. మేడమ్‌గారు వెతుక్కుంటూ వచ్చి, ఓదార్పు మాటలేం చెప్పకుండా, స్తంభం ఎక్కేటప్పుడు కట్టుకునే నా నడుం పట్టీ చేతికిచ్చి, "చివరిది మీరే దించాలి, ఇంకెవరు దించినా బాగోదు," అన్నారు. ఎక్కాను. పై నుంచి చూస్తే మా వాళ్లందరూ ఒకేచోట కనబడ్డారు. తీగ కోసి తాడు మీద మెల్లగా కిందికి ఇచ్చాను. ఏడ్చాను కూడా. పైనున్నవాడి మొహం కిందవాళ్లకి కనబడదు కాబట్టి సరిపోయింది.

ఇప్పటికీ దీపం రెపరెపలాడితే నేను బయటికి పరిగెత్తి ఆకాశంలోకి చూస్తాను. అక్కడ ఏముంటుంది? పక్కింటాయన కూడా నాతోపాటు చూసి, "ఏమైంది బిగువన్నా?" అంటాడు.

మేడమ్, పోయిన వారం మీరు మమ్మల్ని పిలిచి ఒక మాటన్నారు. "నేను వెళ్లాక ప్రతిదానికీ నాకు ఫోన్ చెయ్యకండి, మీరే చూసుకోండి." నాకు చాలా కష్టం వేసింది. మీ వెనకాల మేమంతా మిమ్మల్ని అక్క అంటాం, మీకు తెలుసో లేదో. అక్క మమ్మల్ని వదిలేసిందని ఇంటికెళ్లి మంచం ఎక్కాను. మా ఆవిడ మిమ్మల్ని వదిన అంటుంది కాబట్టి మీ పక్షమే మాట్లాడింది. "అది వదిలెయ్యడం కాదండీ, వదులివ్వడం. మీకు ఆ తేడా చెప్పిన మనిషే కదా ఆవిడ," అంది. ఇన్నేళ్లు ఆ మాట నలుగురికీ చెప్పుకు తిరిగాను, నాదాకా వచ్చేసరికి అర్థం కాలేదు.

అందుకని మా జట్టు తరపున ఒక చిన్న వస్తువు తెచ్చాం. నా నడుం పట్టీ, ఇక నాకు పనిలేనిది, దర్జీగారు దాన్నే భుజం పట్టీగా పెట్టి సంచి కుట్టారు. పట్టీ కాస్త పొడుగ్గా ఉందని మీకనిపిస్తుంది. కొలత తప్పు కాదు, నేనే చెప్పి పెట్టించాను. మీరు ఎక్కడికైనా వెళ్లండి, ఎన్నాళ్లయినా ఉండండి, మేం ఫోన్ చేసి విసిగించం. రెండో కొస మాత్రం మా చేతుల్లోనే ఉంటుంది.

ఇంతసేపు ఓపిగ్గా విన్న పెద్దలకి, చప్పట్లు కొట్టిన వీధివాళ్లకి, కొట్టకుండా కళ్లు తుడుచుకుంటున్న మా బావమరిదికి కృతజ్ఞతలు. అక్కా, వచ్చి సంచి అందుకోండి. చెయ్యి మరీ చాపక్కర్లేదు, నేనే దగ్గరికొస్తాను.

సెలవు.