ముప్పై ఏడు క్లిప్పులు

(శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. అమెరికాలోని కమ్మింగ్ ఊళ్ళో ఫిజియోథెరపీ నుంచి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంకి వెళ్తున్న కారులో శశికాంత్, అతని కొడుకు అనూప్.)

“భుజం ఎలా ఉందో చెప్పు ముందు.”

“ఫైన్.”

“ఫైన్ అంటే? చెయ్యి పైకెత్తు. ఇంకా పైకి.”

“నాన్నా, నువ్వు డ్రైవ్ చెయ్యి. లంచ్‌లో నా టేబుల్‌కి ఎవరూ రాలేదు. నువ్వేమన్నా చేశావా?”

“నేనేం చేస్తాను? నీళ్ళు తాగు.”

“కేలబ్ నన్ను చూసి ట్రే తీస్కొని వెళ్ళిపోయాడు. వాడు నా సెంటర్, నాన్నా. బాల్ నా చేతికి ఇచ్చేది వాడే.”

“ఆ కేలబ్ గాడే పదకొండుసార్లు వదిలేశాడు.”

“వదిలేశాడంటే?”

“ఏం లేదులే.”

“నాన్నా.”

“మెయిల్ పెట్టాను. అంతే. చిన్న మెయిల్.”

“ఎవరికి?”

“మీ స్కూల్ అథ్లెటిక్ డైరెక్టర్‌కి. నాలుగు మ్యాచ్‌లూ వీడియో తీశాను కదా, నిన్ను కింద పడేసిన ప్రతిసారీ కట్ చేశాను. ముప్పై ఏడు క్లిప్పులు. ఎవడు ఎక్కడ ఆపలేదో, వాడి పేరు, జెర్సీ నంబరు, టైమ్. ఆఫీస్‌లో సిస్టమ్ పడిపోతే రూట్ కాజ్ రాయమా? అలాగే.”

“ఆఫీస్‌లో పేర్లు రాస్తావా?”

“అక్కడ రాయనివ్వరు.”

“డైరెక్టర్ ఒక్కడికేనా?”

“బూస్టర్ క్లబ్‌ని సీసీలో పెట్టాను.”

“పేరెంట్స్ అందర్నీ? కేలబ్ వాళ్ళ డాడ్‌ని కూడా?”

“ట్రాన్స్‌పరెన్సీ ఉండాలి కదరా. మీ అమ్మ వద్దనే అంది. నువ్వు ఐస్ పెట్టుకుని మూలుగుతుంటే చూస్తూ ఎలా ఊరుకోను? బంతి విసిరేది నువ్వు. నీ ముందు ఐదుగురు నిలబడి అవతలివాళ్ళని ఆపాలి. ఆపట్లేదు. ఇందులో తెలీనిదేముంది?”

“వాళ్ళ తప్పు కాదు.”

“మరెవరిది?”

“హెడ్ కోచ్‌కీ, ఆ ఐదుగురినీ చూసే లైన్ కోచ్‌కీ మాటల్లేవు. హెడ్ కోచ్ నాకు ఒక ప్లే ఇస్తాడు. లైన్ కోచ్ వాళ్ళకి ఇంకోటి ఇస్తాడు. నేను అటు వెళ్తే వాళ్ళు ఇటు ఆపుతారు. అది నీ వీడియోలో కనపడదు.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెప్తే నువ్వు మెయిల్ పెడతావు.”

“...సరే. ఇప్పుడే డైరెక్టర్‌కి ఫోన్ చేసి ఇదంతా—”

“డైరెక్టర్‌కి తెలుసు. కోచ్‌లు ఇద్దర్నీ తీసేయాలని ఆయన ప్లాన్. ఇవాళ చిత్తుగా ఓడిపోతే స్కూల్ బోర్డ్ ఒప్పుకుంటుంది. టీమ్‌లో అందరికీ తెలుసు.”

“ఓడిపోవాలని చూస్తున్నాడా?”

“ఆయన నీకు రిప్లై ఇచ్చాడా?”

“మెయిల్ అయితే ఇంకా లేదు. పొద్దున్న ఫోన్ చేసి చాలా మంచిపని చేశారన్నాడు. ఇంకేమైనా ఉంటే పంపమన్నాడు.”

“పంపావా?”

“...నిన్నటి ప్రాక్టీస్‌వి రెండు.”

“నాన్నా.”

“కారు తిప్పేస్తాను. ఇవాళ ఆడొద్దు. భుజం నొప్పి అని చెప్దాం.”

“నేను ఆడకపోతే ఆ మెయిల్ నేనే రాయించాననుకుంటారు. ఫాస్ట్‌గా వెళ్ళు. గేమ్ ముందే కేలబ్‌కి సారీ చెప్పాలి. కాలేజీ టీమ్‌లోకి తీసుకునేవాళ్ళు వస్తున్నారు ఇవాళ, వాణ్ణి చూడ్డానికి. వాడికి ఇదే లాస్ట్ ఛాన్స్.”

“నాకేం తెలుసురా. నువ్వు దెబ్బలు తినకూడదనే కదా.”

“నీ ఫోన్‌లో మెయిల్ వచ్చింది. డైరెక్టర్.”

“చదువు.”

“మీ రిపోర్ట్‌కి థ్యాంక్స్. మీ అబ్బాయి సేఫ్టీ మాకు అన్నిటికంటే ముఖ్యం. మీరు పేర్లు ఇచ్చిన ఐదుగురినీ ఈ రోజు నుంచే సస్పెండ్ చేశాం. గేమ్ మాత్రం టైమ్‌కే స్టార్ట్ అవుతుంది.”

“ఐదుగురినీనా? చూశావా, నా మాటకి విలువుంది. ఏంట్రా, అలా చూస్తావేం?”

“ఇవాళ నా ముందు ఎవరు నిల్చుంటారు, నాన్నా?”