నిలవని గేరు పుల్ల

"నాకైతే గీ సైకిల్ మీద నమ్మకం లేదు దస్తగిరీ. రేపు శ్రీశైలం ఘాటు ఎక్కుతుంటే ముంగట మలుపు ఉంటది, ఎనక లారీ ఉంటది. సరిగ్గ అప్పుడే జారుతది సూడు."

అచ్చంపేటలో దస్తగిరి సైకిల్ దుకాణం ముందు, అతని చేతుల మీంచి చూపు తిప్పకుండా ఇక్బాల్ బీ నిలబడింది. కూతురు సమీరా సైకిల్ పట్టుకుని ఉంది.

"ఇంక ఏం కాలేదు గదమ్మా."

"అయినంక ఏం చూస్తవు? సెలవులల్ల కన్యాకుమారి దాక ఒక్కదాన్నే పోత అన్నవు. నేను నోరు మూసుకున్ననా లేదా? బండి మంచిగుంటెనే పోనిస్త అన్న. గిదేనా మంచిగుండుడు?"

"అక్కా, జర పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డమొస్తున్నవు."

"వెలుతురుకు అడ్డమా, నేను చూస్తుంటే నీకు అడ్డమా?"

"చూడు, మంచిగ చూడు. సమీరా, ఏమైతాందో మల్లొక్కసారి చెప్పు బిడ్డా."

"మన్ననూర్ దాటి గుట్ట ఎక్కుతున్న మామా. గీ గేరు పుల్లను గుంజి, చైన్‌ను ఎనక టైరు కాడి పెద్ద పండ్ల చక్రం మీదికి తెచ్చిన. జర దూరం పోయిన్నో లేదో, పుల్ల దానంతట అదే ముంగటికి జారింది. చైన్ చిన్న చక్రం మీద పడ్డది. కాళ్లు పట్టేసినయ్. సైకిల్ అట్లనే ఒరిగింది."

"దానంతట అదే ఎట్ల జారుతది? ఎవలో చెయ్యి పెట్టిన్రు."

"ఎవలు పెడ్తరమ్మా?"

"నాకేం ఎరుక, అడుగుతున్న. మొన్న బాగు చేసిన అని పంపిచ్చిండు గదా, మల్ల ఎందుకు పాడైంది? ఒక్కసారికే బాగైతె గిరాకి మల్ల రాదు, గంతేనా దస్తగిరీ?"

"అక్కా, నీ మొగుని స్కూటర్ కాడికెల్లి నీ ఇంట్ల బండ్లన్ని నేనే చూసిన."

"స్కూటర్ గూడ నడిమి తొవ్వలనే ఆగుతుండె."

"పెట్రోల్ పొయ్యకుంటె ఆగక ఏం చేస్తది?"

"అమ్మా, జర ఇను. కొత్త సైకిళ్లకు గేరు టిక్కుమని గాట్ల పడి ఆగుతది. దీనికి గాట్లు లేవు, ఇది పాత రకం. స్క్రూ ఎంత బిగిస్తె పుల్లకు అంత పట్టు. దూరం పోయెటోళ్లు ఇదే కావాల్నంటరు. ఏ ఊళ్లనన్న బాగు చేసుకోవచ్చు."

"ఏ ఊళ్లనన్న అయితదట. మన ఊళ్లనే అయితలేదు."

"బిగువైతె పోలేదు బిడ్డా. మొన్న బిగించినంక స్క్రూ మీదికెల్లి సున్నపు గీత గీసిన. ఇగో, గీత జరగలే. ఎవ్వలు తిప్పలే."

"గీత గీసిందీ నువ్వే, జరగలే అనేదీ నువ్వే."

"మరి నాదే తప్పంటవా అక్కా?"

"ఎవలదని అంటలేను. నా మరిది ఖలీద్ వచ్చిపోయిండు మొన్న. సైకిల్ కాడనే నిలబడి, ఆడపిల్లకు గీ తిరుగుడేందని నోరు చేసిండు."

"ఖలీద్ చిచ్చా నోరే చేస్తడమ్మా. ఆయనకు చైన్ ఎక్కియ్య గూడ రాదు."

"అయితె అమ్మినాయన మీద నాకు అనుమానం. షాద్‌నగర్‌ల కొన్నవు. మంచిగుంటె ఎందుకు అమ్ముకున్నడు?"

"మోకాళ్లు నొస్తున్నయని."

"అగో. మోకాళ్లు పోగొట్టే బండిని తెచ్చుకున్నవు."

"అమ్మా, ఒకటి అడుగుత. కోపం చెయ్యకు."

"కోపమొచ్చేదే అడుగుతవు. అడుగు."

"మామ బాగు చేసినంక మంచిగనే నడుస్తది. శుక్రవారం పొద్దుగాల బయటికి తీస్తెనే జారుతది. పోయిన శుక్రవారం గంతే, ఇయ్యాల గంతే. రాత్రి సైకిల్ ఇంట్లనే ఉంటది. తలుపుకు గొళ్లెం నువ్వే పెడ్తవు."

"అయితె?"

"అయితె ఏం లేదు."

"ఏం లేకుంటె గొళ్లెం మాట ఎందుకొచ్చింది?"

"బండి మంచిగుంటెనే పోనిస్త అన్నది ఎవలు?"

"నేనే అన్న. అంటె నేను పాడు చేసిననంటవా? స్క్రూ ఏడుంటదో గూడ నాకు ఎరుక లేదు."

"వద్దనుకుంటె ముఖం మీద చెప్పమ్మా. గుట్ట మీద పడేటట్టు చెయ్యకు."

"తోబా. ఎంత మాటన్నవే. దస్తగిరీ, విన్నవా?"

"నేను వింటలేనక్కా. స్క్రూ ఇప్పుతున్న."

"వింటనే ఉన్నవు. చెవులు ఇటే ఉన్నయ్."

"ఇగో సమీరా, గీ వాషర్ చూడు. రేకూ రేకూ పొడిగ ఒరుసుకుంటెనే పుల్లకు పట్టు. ఇది తడిసి ఉన్నది. నూనె బిడ్డా ఇది. ఎంత బిగిస్తె ఏం లాభం, లోపల జారుతనే ఉంటది."

"మరి నూనె పోసింది నువ్వు గాక ఎవలు? దుకాణం నిండ నూనెనే గదా."

"పుల్ల ఆగే జాగల నూనె పోస్తనా అక్కా? నా దుకాణంల మిషన్ నూనె నల్లగుంటది. ఇది పసుపు పచ్చగున్నది. వాసన గూడ వేరె. చూడు బిడ్డా."

"మంచినూనె లెక్కుంది మామా. ఊదు వాసన గూడ వస్తాంది."

"సైకిల్‌కు ఊదు పొగ ఎవలు వేసిన్రు?"

"ఆగు మామా. హ్యాండిల్ గూడ గదే వాసన. చేతులు జారుతుంటె చెమట అనుకున్న. బ్రేకు పట్టుకునే కాడ గూడ ఉంది. సీటు అంచుకు గూడ. చెయ్యి తగిలే జాగలల్లనే ఉంది."

"ఇనుము నమిలే ఎలుకల కథ విన్న గని, నూనె పూసే ఎలుకల కథ వినలే బిడ్డా."

"అమ్మా. జుమ్మేరాత్ అని గురువారం సందెకాడ దర్గాకు పోతవు గదా నువ్వు. నాకు జ్వరమొస్తె ఆడి దీపం నూనె తెచ్చి నెత్తికి రాస్తుంటివి."

"గా నూనె సైకిల్‌కు గూడ రాస్తరా అక్కా?"

"అమ్మా, నేను నిద్ర పోయినంక రాసినవా?"

"గింతట్ల ఏం కాలేదక్కా. వాషర్‌ను పొడి బట్టతోటి తుడిచి, గరుకు కాయితం జర రాస్తె మల్ల పట్టు వస్తది. సందెకల్ల అయిపోతది."

"అమ్మా, నేనన్నది తప్పే. నువ్వు పడెయ్యాల్నని చెయ్యలే, నాకు సమజైంది. తిడితె తిట్టు. గిప్పుడు పోనిస్తవా, పోవద్దంటవా, గదన్న చెప్పు. అమ్మా, ఇటు చూడు."

ఇక్బాల్ బీ రోడ్డు వైపు చూసింది. శ్రీశైలం పోయే బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కారు. బస్సు కదిలి మలుపు తిరిగి కనపడకుండా పోయింది. దాని దుమ్ము కూడా అణిగింది.

"దస్తగిరీ, సీసల దర్గా నూనె ఇంక జర మిగిలింది. పొద్దుగాల బిడ్డ బయల్దేరేటప్పుడు పెట్టాలె. పట్టు పోకుండ ఏడ పెట్టాల్నో నాకు చూపియ్యి."