డబ్బా పెట్టి వెళ్ళు

పొదిలిలో కారం పట్టే మర ముందు ఎండుమిరపకాయల డబ్బాలు వరసగా ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు. మంగళగిరి బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చిన సైమా, మర నడిపే పిన్ని చెవిలో అరిచింది.

"పిన్నీ, నా ఉద్యోగం నిలబడింది! నీ వల్లే!"

పిన్ని మర ఆపేసింది. "నా వల్ల ఏందే? నాకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు."

"నేను రాసిన ఆసుపత్రి వెబ్‌సైటు ఉందిగా. ఒకళ్ళు రిపోర్టు అడిగితే, అది వచ్చేదాకా మిగతా అందర్నీ ఆపేసేది. వాళ్ళ ఫోన్లలో చక్రం తిరుగుతూనే ఉండేది. నా వల్ల కాదని పెట్టె కూడా సర్దేసుకున్నా."

"అయ్యో, నాతో ఒక్క మాటన్నా చెప్పలేదేమే!"

"అప్పుడే నువ్వు గుర్తొచ్చావు. ఎవరొచ్చినా 'డబ్బా పెట్టి వెళ్ళు, పట్టగానే పిలుస్తా' అంటావు. ఎవర్నీ నిలబెట్టవు. నా ప్రోగ్రామూ అట్టాగే మార్చా. ఒకళ్ళ రిపోర్టు వచ్చేలోపు ఇంకొకళ్ళని పలకరిస్తుంది. వచ్చాక మొదటివాళ్ళని పిలుస్తుంది. ఇప్పుడు ఎవరూ ఆగాల్సిన పనిలేదు."

పిన్ని కారం అంటిన చేతుల్ని చూసుకుని, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఘాటా పిన్నీ?"

"ముప్పై ఏళ్ళుగా లేని ఘాటు ఇప్పుడేందే. చెప్పు, ఇంకా చెప్పు."

ఇంతలో తన డబ్బా కోసం వచ్చిన పేరయ్య బయటినుంచి కేకేశాడు. "ఖుర్షిదమ్మా, మర ఆగిందేంది? కరెంటు పోయిందా?"

"కరెంటుందన్నా. మా పిల్ల మాట్లాడుతోంది. కాసేపు నిలబడు."