షేర్లు తెలిసిన బీవరు

ఆర్వో కంగాస్ నా దుకాణంలోకి వచ్చి కోటు విప్పకుండా పొయ్యి పక్కన కూర్చున్నాడంటే కథ చిన్నదని అర్థం. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడంటే నేను కాఫీలో ఇంకో రెండు చెంచాల పొడి వేస్తాను. ఆ శనివారం వాడు కోటే కాదు, బూట్లు కూడా విప్పాడు.

నాది ఎరల దుకాణం. చిన్న చేపలూ వానపాములూ తూటాలూ అమ్ముతాను, కాఫీ ఊరికే పోస్తాను. ఊరికే పోసిన కాఫీకి ఎన్ని అబద్ధాలు వినాల్సొస్తుందో లెక్కేస్తే నాకే నష్టం. సుపీరియర్ సరస్సు మీంచి గాలి తలుపు కిందుగా లోపలికి దూరుతోంది. వారం తిరిగితే వాగులు గడ్డకడతాయి, కొమ్మలతో వాగులకి కట్టలు కట్టుకునే బీవర్లకి, తోలు కోసం ఉచ్చులు వేసే రోజులొస్తాయి. అందుకే ఆ పొద్దున అందరి కళ్లూ హిల్యా పెద్దమ్మ మీదే ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే ఆవిడ కుర్చీకి ఆనించి ఉన్న గునపం మీద.

మంచు పగలగొట్టే గునపం అది. హిల్యా పెద్దమ్మ చిన్నప్పట్నుంచీ దాంతోనే కుంటి ఎలుగు అనే వాగు మీద మంచుకి కన్నాలు పెట్టి బీవర్లని పట్టింది. ఇప్పుడు మోకాళ్లు పోయాయి, వాగు ఎవరికో ఒకరికి అప్పగించాలి. వాగు ఆవిడ సొత్తేం కాదు, సర్కారు అడవి, చట్టం ప్రకారం ఎవడైనా ఉచ్చు వేసుకోవచ్చు. కానీ మా దగ్గర చట్టం కంటే పాత మర్యాద ఒకటుంది. ఒకరి వాగులో ఇంకొకరు ఉచ్చు వెయ్యరు, ఆ మనిషి పిలిచి నలుగురి ముందూ గునపం చేతిలో పెట్టేదాకా. మర్యాద దాటినవాడికి ఊళ్లో పెళ్లి పిలుపుండదు, వాడి ట్రక్కు మంచులో కూరుకుపోతే తాడు విసిరే చెయ్యీ ఉండదు.

గునపం కావాల్సినవాళ్లు ఇద్దరు. ఒకడు ఆర్వో. వాడికున్నదల్లా ఇంటి వెనక బురద మడుగు, అందులో తోలుకి ధర పలకని నీటి ఎలుకలు తప్ప ఇంకేం పడవు. ఈ చలికాలం కూడా నీటి ఎలుకలే తెస్తే ఉచ్చులన్నీ అమ్మేసి దక్షిణాన కూతురి ఊరికి మకాం మార్చాల్సిందేనని వాడి పెళ్లాం ఐరీన్ తెగేసి చెప్పింది. రెండోవాడు ఐరీన్ అన్న మెల్విన్. వేటగాడే, పనిమంతుడే. బావ నోరు తెరిస్తే దాంట్లో రాయి వెయ్యకుండా ఉండలేడు, అదొక్కటే వాడి జబ్బు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కానని మీ అందరికీ తెలుసు," అని మొదలెట్టాడు ఆర్వో, ఓరకంట హిల్యా పెద్దమ్మని చూస్తూ. ఆవిడ ఊలు మేజోడు అల్లుకుంటోంది, తలెత్తలేదు. "పోయిన చలికాలం ఒక బీవరు పట్టాను. మామూలు బీవరే. కాకపోతే కాస్త ఒళ్లున్నది."

"ఎంత ఒళ్లేంటి బావా?" అన్నాడు మెల్విన్.

"మీ చెల్లెలంత అననులే, రాత్రికి ఇంటికెళ్లాలి. మా కుక్కంత అనుకో."

"మీ కుక్క ఎండు చేపలా ఉంటుంది."

"తిండి పెట్టిన రోజున మా కుక్కంత. వింటావా లేదా? మంచుకి కన్నం పెట్టాను, ఉచ్చు దించాను, పక్కన పచ్చి కొమ్మ గుచ్చాను, గొలుసు తెచ్చి ఎండు దుంగకి బిగించాను, ఇదంతా మీకు తెలిసిన పనే, ఇందులో నా గొప్పేం లేదు. మర్నాడు వెళ్లి చూస్తే దుంగ లేదు. పోనీ దుంగ పోతే పోయింది, కన్నమైనా ఉండాలి కదా, కన్నమూ లేదు. కన్నం ఉండాల్సిన చోట మంచు మీద పొడుగ్గా ఒక చీలిక, మడుగు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, గుడ్డ చింపినట్టు చింపుకుంటూ పోతోంది. చీలిక చివర నా గొలుసు కొస ఎగురుతోంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"ఇంటికి పరిగెత్తావు," అన్నాను నేను.

"నువ్వు కాఫీ పొయ్, మార్లీన్, కథ నేను చెబుతాను. గొలుసు కొస పట్టుకుని ట్రక్కు వెనకున్న కొక్కేనికి తగిలించాను. తగిలించి ఇంజిను వేసి ముందుకి పోనిచ్చాను. ట్రక్కు ముందుకి పోవాలా? వెనక్కి పోతోంది. నాలుగు చక్రాలూ ముందుకి తిరుగుతున్నాయి, ట్రక్కేమో మంచు మీద వెనక్కి జారుతోంది, అద్దంలోంచి చూస్తే మంచు కింద నల్లగా ఒక నీడ, మన చర్చి తలుపంత."

"ఇందాక కుక్కంత అన్నావు."

"మంచు కింద వస్తువు పెద్దగా కనిపిస్తుంది మెల్విన్, పాఠాలు చదవలేదా నువ్వు? సరే, అది జనవరి నెలాఖరు, ఆదివారం. ట్రక్కులో రేడియో మోగుతోంది. ఫుట్‌బాల్, ఫైనలుకి ముందరి ఆట. మనవాళ్లు అంతదాకా ఎలా వచ్చారో దేవుడికే తెలియాలి. అంతలో మనవాడు చేతిలో బంతి జారవిడిచాడు. వెంటనే ట్రక్కు ఆగిపోయింది. ఎందుకాగిందా అని చూస్తే కింద నుంచి ధబీమని ఒక తోక దెబ్బ. నా కాఫీ ఒలికింది. ఇంకోసారి బంతి జారింది, ఇంకో దెబ్బ. అవతలివాళ్లు జారవిడిచినప్పుడు మాత్రం చప్పుడు లేదు. అప్పుడర్థమైంది నాకు. అది మన జట్టు మనిషే."

పొయ్యి దగ్గరున్న వాళ్లు నవ్వారు. హిల్యా పెద్దమ్మ సూదులు ఆగలేదు.

"నవ్వండి. నేనైతే నవ్వలేదు. తోటి అభిమానిని ఉచ్చులో పెట్టుకుని ఆట వినడం మర్యాద కాదనిపించింది. మంచు పగలగొట్టి, ఉచ్చు విప్పి, తలుపు తీసి రమ్మన్నాను. ఎక్కి కూర్చుంది. సీటు బెల్టు పెట్టుకోమన్నాను, కొరికేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో క్వార్టరు, ఆఖరిది. ఇంకొక్క పొరపాటు చేస్తే మనవాళ్లు ఇంటికే. బీవరు తోకతో సీటు మీద కొడుతోంది, రెండు దెబ్బలు ఎడంవైపు, ఒకటి కుడివైపు, ఇంకోటి మధ్యలో. అది ఆడాల్సిన ఎత్తు చెబుతోందని ఫుట్‌బాల్ తెలిసినవాడెవడికైనా అర్థమవుతుంది. నేను ఫోను తీసి కోచ్‌కి వినిపించాను."

"కోచ్ నంబరు నీకెక్కడిది?"

"ఆ గందరగోళంలో అదంతా ఎవడికి గుర్తుంటుంది? విన్నాడు, వినడమేంటి, అలాగే ఆడించాడు. గెలిచాం. కావాలంటే పాత పేపర్లు చూడు, గెలిచామా లేదా?"

గెలిచిన మాట నిజమే. ఆర్వో అబద్ధాలతో వచ్చిన చిక్కే అది, మధ్యలో ఎక్కడో ఒక నిజం మేకు కొట్టి ఉంటుంది, దానికి కోటు తగిలించుకుంటాడు.

"ఇప్పుడసలు సంగతి," అన్నాడు, నా యాలకుల రొట్టెలో మూడో ముక్క అందుకుంటూ. "ఐరీన్ కట్టిచ్చిన, మాంసం కూరిన పాస్టీ రొట్టె పేపర్లో చుట్టి సీటు మీద పెట్టుకున్నాను. ఆట అయ్యాక చూస్తే పాస్టీ లేదు, పేపరు కొరికేసి ఉంది. ఏ పేజీ? షేర్ల పేజీ. ఎలా కొరికింది? పైనుంచి కిందదాకా ప్రతి కంపెనీ నమిలి ఉమ్మేసింది, ఒక్క సిమెంటు కంపెనీ వరస మాత్రం ముట్టుకోలేదు. సిమెంటు. కట్టలు కట్టే జాతి కదా, దానికి తెలియకపోతే మనకి తెలుస్తుందా? సోమవారం పొద్దున్నే ఉన్నదంతా ఊడ్చి ఆ షేర్లు కొన్నాను. మధ్యాహ్నానికి ఆకాశంలో ఉన్నాయి. ఇంక చూడండి, బీవరు మా స్నానాల తొట్టిలో మకాం. తోకెత్తితే కొనడం, తోక దించితే అమ్మడం. పదిహేను రోజులు తిరక్కుండా న్యూయార్కు నుంచి నల్లకోట్ల వాళ్లు దిగారు, మా వంటింట్లో బూట్లు విప్పి మేజోళ్లతో వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కణ్ణే లోపలికి పంపించేవాణ్ణి. తువ్వాలు వాళ్లే తెచ్చుకోవాలి."

"మరి ఈ చిరుగుల కోటేంటి బావా?"

"డబ్బున్నవాడు పైకి కనబడకూడదు. అదీ బీవరు సలహానే."

"తోలేది మరి? అంత బీవరు తోలు ఊరంతా కప్పుకోవచ్చు."

"సలహాదారు తోలు ఎవడైనా ఒలుస్తాడురా? వసంతం రాగానే ఎక్కడ పట్టానో అక్కడే వదిలిపెట్టి, ముంగాలు పట్టుకుని ఊపి వచ్చాను. దానికి నీళ్లు, నాకు కళ్లనీళ్లు."

"ఎక్కడ పట్టావు, మీ బురద మడుగులోనేనా?" మెల్విన్ తొడ చరుచుకున్నాడు. "అందులో షేర్లు తెలిసిన నీటి ఎలుకలు కూడా ఉన్నాయేమో అడగలేదా?"

దుకాణమంతా ఘొల్లుమంది. ఆర్వో చెవులు ఎర్రబడ్డాయి. నీటి ఎలుక అన్న మాట వాడికి ముల్లు, ఇంట్లో రోజూ గుచ్చుకునే ముల్లు. ఆ ఉక్రోషంలో నోటికి ఏది పెద్దదిగా తోస్తే అది వచ్చేసింది.

"మడుగేంటి? కుంటి ఎలుగు వాగు, పై కట్ట. చీలిన దేవదారు చెట్టు కింద. ఈ జిల్లాలో అలాంటి బీవరు ఇంకెక్కడుంటుంది?"

మాట పెదవి దాటాక వాడికే తెలిసింది ఏమన్నాడో. నవ్వులు తెగిపోయాయి. అది హిల్యా పెద్దమ్మ వాగు. గునపం ఇంకా ఆవిడ కుర్చీకే ఆనించి ఉంది.

మెల్విన్‌కి కాస్త బుద్ధి ఉంటే అక్కడ నోరు మూసుకుని కాఫీ తాగాల్సింది. ఆర్వో తన గోతిని తనే తవ్వుకున్నాడు, మట్టి పొయ్యడమే మిగిలింది. కానీ చెప్పాను కదా, జబ్బు.

"అబద్ధం," అన్నాడు మెల్విన్, ముందుకి వంగి. "నువ్వు పై కట్ట మొహం కూడా చూసి ఉండవు. చీలిన దేవదారు కింద పట్టావా? ఆ దేవదారు జనవరి మొదట్లో వచ్చిన తుఫానుకే పడిపోయింది, బీవరు గూడు మీద అడ్డంగా. కట్ట ఎడంపక్క తెగింది. మంచు కింద మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. బీవర్లు ఎప్పుడో కింది మలుపుకి దిగిపోయాయి. నెలాఖరులో అక్కడ కప్ప కూడా లేదు, చర్చి తలుపంత బీవరట."

హిల్యా పెద్దమ్మ సూదులు ఆగాయి.

ఆవిడ మేజోడు ఒళ్లో పెట్టుకుని ముందు ఆర్వో వైపు తిరిగింది. "ఆర్వో. నిజమైతే నా వాగులో దొంగతనంగా ఉచ్చు వేశావు. అబద్ధమైతే ఇంతసేపూ మా చెవులు తిన్నావు. ఏదో ఒకటి తేల్చు నాయనా."

ఆర్వో కాళ్ల మేజోళ్ల వైపు చూసుకున్నాడు. వాడి బొటనవేలు బయటికి కనబడుతోంది. వాడు నిజం చెప్పడం నేనెప్పుడూ వినలేదు, ఎలా ఉంటుందో చూద్దామని కాఫీ కెటిలు కింద పెట్టాను.

"అబద్ధం పెద్దమ్మా."

"ఎంత?"

"బీవరంతా."

"ట్రక్కు?"

"చలికాలమంతా షెడ్డులోనే ఉంది. బ్యాటరీ చచ్చింది."

"మరి ఆ ఆదివారం ఎక్కడున్నావు?"

"సోఫాలో. జలుబు. ఆట నిజమే పెద్దమ్మా, టీవీలో చూశాను. ఐరీన్ని అడుగు."

"షేర్లు?"

"సిమెంటు షేర్లు కొన్నది నిజం. ఆకాశానికి మాత్రం పోలేదు. ఎటు పోయాయో ఐరీన్‌కి ఇంకా చెప్పలేదు." మెల్విన్ వైపు బతిమాలుతున్నట్టు చూశాడు.

"నా వాగులో ఎప్పుడైనా అడుగు పెట్టావా?"

"నా తల్లి మీద ఒట్టు. రోడ్డు మీంచి చూడటమే. ప్రతిసారీ ట్రక్కు ఆపి చూస్తాను." ఆ చివరి మాట మాత్రం వాడు ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు. నాకు వినబడింది.

మెల్విన్ కుర్చీలో వెనక్కి వాలి, గెలిచినవాడిలా కాళ్లు చాపాడు. "చెప్పాను కదా."

"చెప్పావు," అంది హిల్యా పెద్దమ్మ. "చాలా చెప్పావు. పోయిన చలికాలం నా మోకాళ్లు పైదాకా పోనివ్వలేదు, కింది మలుపు దగ్గరే ఆగిపోయాను. దేవదారు పడిందని నాకే తెలియదు. నీకెలా తెలిసింది మెల్విన్?"

మెల్విన్ కాళ్లు మెల్లగా కుర్చీ కిందికి వెళ్లాయి. "దారినపోతూ. వేటకి వెళ్లాను కదా."

"జనవరిలో ఏం వేట? జింకల రోజులు అయిపోయాయిగా."

"కుందేళ్లకి, పెద్దమ్మా."

"ఓహో, కుందేళ్లకి." ఆవిడ సూది ఒకటి తీసి మెల్విన్ వైపు చూపించింది. "కుందేలు కోసం పోయినవాడికి మంచు కింద నీళ్లు మోకాలి లోతు లేవని ఎలా తెలుస్తుంది బాబూ? కన్నం పెట్టి చూస్తే తప్ప?"

మెల్విన్ కప్పు అడుగున ఏదో వెతుక్కుంటున్నట్టు దాంట్లోకే చూస్తూ కూర్చున్నాడు. ఇంకో కప్పు పొయ్యనా అని నేను అడగలేదు. కాసేపటికి లేచాడు, టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఒకసారి ఆగాడు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. ఎవరూ అనలేదు. మా దగ్గర అదే పెద్ద తిట్టు.

హిల్యా పెద్దమ్మ గునపం అందుకుని, పిడి ముందుకి వచ్చేలా తిప్పి, నలుగురి ముందూ ఆర్వో చేతిలో పెట్టింది. వాడు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు నేను చూశాను, పొగ వల్ల అంటాడు అడిగితే. కాసేపు నిజంగానే వాడికి మాట రాలేదు. నేను గడియారం చూడలేదు గానీ, రికార్డే అయ్యుంటుంది.

తర్వాత వాడి ఛాతీ నెమ్మదిగా ఉబ్బడం మొదలైంది.

"అసలు పెద్దమ్మా," అన్నాడు, కొక్కెం మీదున్న కోటు వైపు కూడా చూడకుండా మళ్లీ కూర్చోబోతూ, "మెల్విన్ మీద నాకు ముందునుంచీ అనుమానమే. అందుకే ఆ బీవరు కథని ఉచ్చులా అల్లి, కావాలనే పై కట్ట పేరు ఎరగా..."

"ఆర్వో."

"ఆఁ పెద్దమ్మా."

"ఆ గునపం మొయ్యడానికి రెండు చేతులు చాలు," అంది ఆవిడ, మేజోడు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "నోరు ఇక్కడ మార్లీన్ దగ్గర వదిలేసి వెళ్లు."