ఎవరు పిలిచినా పలికే మోటారు: మాజిద్ గారి సాక్ష్యం

1978 ఆగస్టు ఒకటవ తేదీన కురవి విద్యుత్ కార్యాలయంలో సబ్ ఇంజనీరుగా చేరి, భూపాలపల్లిలోనూ జనగామలోనూ విశిష్ట సేవలందించి, తొర్రూరులో సహాయ ఇంజనీరుగా స్థిరపడిన శ్రీ మహమ్మద్ మాజిద్ గారు ఈ 2013 ఆగస్టు నెలాఖరున సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. కోపమొస్తే దక్కనీలోనూ, మరీ వస్తే తెలుగులోనూ తిట్టే ఆయన నోట పడని లైన్‌మన్ ఈ ప్రాంతంలో లేడు. ఆ తిట్ల పుణ్యమా అని బతికి బట్టకట్టినవారే ఎక్కువ.

తీగ ముట్టే ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలన్నది ఆయన నేర్పిన ఆచారం. ఒకసారి ఇంట్లో పంకా బాగుచేసి, అలవాటు చొప్పున ఫ్యూజు జేబులోనే ఉంచుకొని ఆఫీసుకు వచ్చేయగా, శ్రీమతి ఫరహత్ గారు నిండు మే నెలలో పొద్దుగూకేదాకా విసనకర్రతో గడిపారు. ఆ సాయంత్రం ఎవరు ఎవరిని ఏ భాషలో తిట్టారో ఆ దంపతులకే ఎరుక.

అసలు పరీక్ష 2011 సకల జనుల సమ్మె కాలంలో ఎదురైంది. అప్పుడప్పుడే పల్లెలకు సెల్‌ఫోన్ స్టార్టర్లు వస్తున్న రోజులవి. ఇంటివాడి ఫోన్‌కు తప్ప పలకదని అమ్మేవాళ్ల హామీ; అందులోని సిమ్ నంబరుకు అతడు ఫోన్ చేస్తే చాలు, ఎక్కడినుంచైనా బావి మోటారు నడుస్తుంది. తొర్రూరు దగ్గరి పల్లెలో యుగేందర్ అనే యువరైతు ముచ్చటపడి ఒకటి తెచ్చాడు. అతడు రోడ్డుమీద వంటావార్పులో ఉన్న పూట, మోటారు ఆగే ఉంది కదా అని ఫ్యూజులు పీకకుండా తీగలు సవరిస్తున్న అన్న బక్కయ్య, ఉన్నట్టుండి కరెంటు పారి ప్రాణాలు విడిచాడు.

తమ్ముడే ఫోన్ చేసి చంపాడని ఊరు కోడై కూసింది, పోలీసులు కేసు పెట్టారు. ఆ రోజు జనం తోపులాటలో యుగేందర్ ఫోన్ పడి నుజ్జయింది; అంతకుముందు జేబులో దానంతటదే నొక్కుకుందేమోనన్న అనుమానం అతన్ని కూడా తినేసింది. తల్లి గట్టమ్మ అతని చేతి మంచినీళ్లు సైతం ముట్టలేదు.

సమ్మెలో ఉండి ఆ బావి తనిఖీకి పోవడమంటే ద్రోహమేనని సమ్మె శిబిరంలోని సహచరులు వారించారు. మాజిద్ గారు శాంతంగా లేచి, “సమ్మె తెలంగాణ కోసమే కద. గా ఇల్లు తెలంగాణల లేదా?” అని అడిగి స్కూటరెక్కారు.

బావి దగ్గర తీగలన్నీ సరిచేయించి, అందరినీ దూరం జరిపి, కరెంటు వచ్చేదాకా కూర్చున్నారు. వచ్చాక గట్టమ్మను పిలిచి, “అవ్వా, జర నీ కొడుకు రెండు చేతులు నీ చేతులల్ల పట్టుకో” అన్నారు. ఆ స్టార్టర్‌కు ఏనాడూ పరిచయం లేని తన సొంత ఫోన్ నుంచి ఆ నంబరుకు కలిపారు. మోటారు హోరున లేచింది. గట్టమ్మ పట్టిన చేతులు వదలలేదు, అలాగే నిలబడి ఏడ్చింది.

ఆ పూట స్టార్టర్‌కు వచ్చింది కాలర్ ట్యూన్‌గా పాట పెట్టుకొమ్మనే సిమ్ కంపెనీ ప్రకటన కాల్ అని తర్వాత కాల్ రికార్డుల్లో తేలింది. సమ్మె ముగిశాక ఆ కుటుంబం వినియోగదారుల ఫోరంలో వేసిన దావాలో, ఫ్యూజులు పీకకపోవడం మృతుడి తప్పు కాదా అని తయారీదారుల వకీలు గద్దించగా, సాక్షిగా నిలబడిన మాజిద్ గారు దాచలేదు: “తప్పే. దానికి పానమే ఇచ్చిండు. ఇంటోడు పిలిస్తేనే పలుకుతదని చెప్పి, ఎవలు పిలిచినా పలికే మిషన్ అమ్మినోళ్ల తప్పు ఎవలు మోయాలె?” ఫోరం ఆ బాధ్యతను తయారీదారుల మీదా, అమ్మకందారు మీదా మోపింది, యుగేందర్‌పై కేసు కూడా వీగిపోయింది.

శ్రీ మాజిద్ గారు ఫరహత్ గారి సాహచర్యంలో, చెక్కుచెదరని ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని కార్యాలయ సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నారు. అయితే మొన్న ఈ కబురు విని వెతుక్కుంటూ వచ్చిన గట్టమ్మ, ఆయన రెండు చేతులూ పట్టుకొని దీవించినట్టు దీవించడం మా ఎవరి తరమూ కాదు. “ఒక కొడుకును మట్టిల పెట్టిన. ఇంకొకన్ని నేనే సంపుకుంటుంటి, నువ్వు అడ్డమొచ్చినవు నాయినా. సల్లగ బతుకు.”