లైనుకో బిళ్ళ

ఆదివారం మధ్యాహ్నం. చెల్లెలి వంటింట్లో అన్నాచెల్లెళ్ళిద్దరూ కింద కూర్చుని బఠాణీలు వలుస్తున్నారు. ఇద్దరూ పనిచేసేది ఒకే బట్టల ఫ్యాక్టరీలో: అన్న కటింగు విభాగం, చెల్లెలు కుట్టు లైను. అక్కడి యూనియన్‌కు ఏళ్ళ తరబడి అన్నే అధ్యక్షుడు.

“గింజలు గిన్నెలో పడాలి, తొక్కలు పళ్ళెంలో పడాలి. నీవన్నీ నోట్లో పడుతున్నాయి అన్నయ్యా.”

“మాట మార్చకు. వెనక్కి తీసుకుంటావా, లేదా?”

“పచ్చి బఠాణీ ఎక్కువ తింటే కడుపునొప్పి వస్తుంది.”

“నామినేషన్ సంగతి అడుగుతున్నానే.”

“వినపడింది. రేపు సాయంత్రం దాకా గడువుందిగా. ఇవాళ ఆదివారం, నాకు సెలవు.”

“నా మీద నా సొంత చెల్లెలు పోటీ. జనం నన్ను చూసి నవ్వుతున్నారు, తెలుసా? నిన్న క్యాంటీన్లో మన కమిటీలో మీసాలాయన అందరి ముందూ, ‘ప్రెసిడెంటుగారూ, ముందు ఇంట్లో ఓట్లు ఎన్నొస్తాయో చూసుకోండి’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? టీ తాగి వచ్చేశా.”

“వదిన ఓటు ఎవరికో అడిగావా?”

“మీ వదిన మన ఫ్యాక్టరీలో లేదుగా.”

“లేదు కాబట్టి బతికిపోయావు.”

“ఎగతాళి చాలు. నేను కోపంగా రాలేదు, మంచిగా మాట్లాడదామనే వచ్చా. అసలు నిన్నెవరు ఎక్కించారు? మీసాలాయనేనా?”

“మీసాలాయన ఇన్నేళ్ళలో నాతో అన్న మాట ఒక్కటే, ‘అమ్మాయ్, కుర్చీలు వేయించావా?’”

“అయితే బావా?”

“ఆయనా? చెప్పగానే ‘గెలిస్తే వంటెవరు చేస్తారు?’ అన్నాడు. ‘గెలిచినా ఓడినా నేనే చేస్తా, కాకపోతే రోజు విడిచి రోజు’ అన్నా. అప్పట్నుంచి మనిషి మెత్తబడ్డాడు. ఈ బఠాణీలు కూడా ఆయన తెచ్చినవే. సగం పుచ్చులు, అది వేరే సంగతి.”

“బావా కాదు, మీసాలాయనా కాదు. మరెవరు?”

“బిళ్ళ.”

“ఏ బిళ్ళ?”

“చూశావా, ఏ బిళ్ళ అంటున్నావు. ఇందుకే నిలబడ్డా.”

“ఓ, ఆ చెక్క బిళ్ళా? బాత్రూముకి వెళ్ళేటప్పుడు వేసుకునేది...”

“ఆ, అదే. లైనుకి ఒకటే. సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకి వేలాడుతుంటుంది. అది మెళ్ళో వేసుకుంటేనే లేవాలి. ఒకత్తి వెళ్ళి వచ్చేదాకా మిగతా లైనంతా కాళ్ళు బిగబట్టుకుని కుట్టాలి. మీ కటింగులో ఉందా బిళ్ళ?”

“మా పని వేరే. నిలబడి చేసే పని, దానికీ దీనికీ...”

“ఉందా, లేదా?”

“లేదులే.”

“పోయిన నెల మా లైను బిళ్ళ బాత్రూము గుంటలో పడి కొట్టుకుపోయింది. కొత్త పిల్లది, దాని మెళ్ళోంచి జారిపోయింది. బిళ్ళ లేకపోతే ఎవర్నీ పంపనన్నాడు సూపర్‌వైజరు. వడ్రంగి కొత్తది చేసి, దానికి రంగు వేసి, ఆ రంగు ఆరేదాకా ఎవరం లేవలేదు. రంగు ఆరేదాకా, అన్నయ్యా.”

“నాకెవరూ చెప్పలేదే.”

“చెప్పారు. మీ యూనియన్ ఆఫీసులో చెప్తే అందరూ నవ్వారట. నువ్వు కూడా.”

“అదేదో... సరదాగా నవ్వి ఉంటా. అయినా ఆ బిళ్ళ నేను పెట్టినట్టు మాట్లాడతావేం? ప్రతిసారీ డిమాండ్లలో రాస్తూనే ఉన్నాంగా, బిళ్ళ తీసెయ్యాలని.”

“రాస్తారు. బోనసు వస్తుంది, బస్సు వస్తుంది, క్యాంటీన్లో ఫ్యాన్లొస్తాయి. బిళ్ళ డిమాండు మాత్రం చివర్న ఎగిరిపోతుంది. నువ్వు గేటు దగ్గర నిలబడి, ‘ఎంత పోట్లాడినా వినలేదమ్మా, వచ్చేసారి చూద్దాం’ అంటావు. మేం చప్పట్లు కొడతాం. పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టకుండా వచ్చి మరీ కొడతాం.”

“నీకు ఒంట్లో బాగుండటం లేదని మీ వదిన చెప్పింది.”

“మంటగా ఉందని వెళ్తే డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. తాగితే లేవాలి, లేవాలంటే బిళ్ళ కావాలి, బిళ్ళ కోసం ఆగితే మళ్ళీ మంట. బయటికొచ్చి చూద్దును కదా, వరండాలో బెంచీల నిండా మనవాళ్ళే. అందరికీ అదే జబ్బు, అదే మందు. ఎలాగూ కూర్చున్నాం కదా అని మీటింగు పెట్టేసుకున్నాం. నా పేరు అక్కడే చెప్పారు.”

“ఆస్పత్రి వరండాలో మీటింగా?”

“యూనియన్ మీటింగులేమో నువ్వు దీపాలు పెట్టే వేళకి పెడతావు. అప్పుడు మా ఇళ్ళల్లో పొయ్యిలు వెలగాలి. అందరం తీరిగ్గా కూర్చునే చోటు మాకు అదొక్కటే దొరికింది.”

“సరే, సరే. విను. ఉపాధ్యక్ష పదవి నీకిస్తా. కమిటీలో ఎవరు కాదన్నా నేను చూసుకుంటా.”

“ఇప్పుడు మహిళా కార్యదర్శినేగా? అంటే ఏంటో తెలుసా? మైకు అద్దెకి తేవడం, కుర్చీలు తుడిపించడం, ఫోటోలో ముందు వరసలో కూర్చోవడం. ఉపాధ్యక్షురాలినైతే ఫోటోలో ఇంకాస్త మధ్యకి జరుగుతానా?”

“నీకర్థం కావట్లేదే. బేరం అంటే మాటలు కాదు. అవతల మేనేజరు. ఆయన గది, ఆ చల్లదనం, ఆ నవ్వు... నీలాంటిదాన్ని నమిలి మింగి నీళ్ళు తాగుతాడు.”

“తాగుతాడులే. ఆయనకి బిళ్ళ లేదుగా.”

“నవ్వకు. నిజం చెప్తున్నా, అయిదు నిమిషాలు నిలబడలేవు ఆయన ముందు.”

“అయితే చూద్దాం. నువ్వు మేనేజరువి, నేను అధ్యక్షురాలిని.”

“ఏంటీ?”

“చిన్నప్పుడు బడి ఆట ఆడేవాళ్ళం కాదూ? ఎప్పుడూ నువ్వే టీచరువి, నేనే దెబ్బలు తినేదాన్ని. అలాగే ఇదీ. నేను నిలబడలేకపోతే రేపు పొద్దున్నే వెళ్ళి వెనక్కి తీసుకుంటా.”

“ఒట్టు?”

“ఒట్టు. చేతులాపకు, వలుస్తూ ఆడు.”

“ఊఁ... రండి మేడమ్, రండి, కూర్చోండి. టీయా, కాఫీయా?”

“నిజంగా అలాగే అంటాడా?”

“అచ్చు అలాగే. మధ్యలో ఆపకూడదు.”

“ఏమీ వద్దు సార్. తాగితే లేవాలి.”

“అదేంటే, అలా అనకూడదు.”

“ఏం?”

“మొదట్లోనే ఇబ్బందిపడతాడు మనిషి.”

“పడనీ. కానివ్వండి సార్.”

“ఏముంది మేడమ్, ఈ ఏడు ఆర్డర్లు తగ్గాయి, మీకు తెలియంది కాదు. మనమంతా ఒక కుటుంబం. సర్దుకుపోవాలి.”

“కుటుంబమే సార్. మరి ఇంట్లో అమ్మగారు బాత్రూముకి వెళ్ళాలంటే మీ దగ్గర బిళ్ళ తీసుకుంటారా?”

“...బాగా మాట్లాడతారు మేడమ్. చూడండి, బిళ్ళ తీసేస్తే అందరూ ఒకేసారి లేచిపోతారు. లైను ఖాళీ అయిపోతుంది.”

“కటింగులో అందరూ ఒకేసారి లేచిపోతున్నారా?”

“కటింగు వేరు మేడమ్. వాళ్ళు నిలబడి...”

“మా అన్నయ్యా ఇదే మాటన్నాడు. మీరిద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారా సార్?”

“ఏయ్, నన్ను లాగకు.”

“మీరు మేనేజరుగారు. మీకెందుకు రోషం?”

“...సరే. పని పడిపోతే ఎవరిది మేడమ్ బాధ్యత?”

“పడదు సార్. పక్క మిషనావిడ లేస్తే ఇవతలావిడ ఆగుతుంది. కన్నుతో చెప్పుకుంటాం. కావాలంటే ఒక నెల తీసి చూడండి. పని తగ్గితే ఆ బిళ్ళ నేనే తెచ్చి మీ గోడకి తగిలిస్తా.”

“ఇదంతా ఎందుకు మేడమ్? మీరడిగిన బోనసు మీద ఇంకొంచెం వేసి ఇస్తా. ఆ బిళ్ళ సంగతి వదిలేయండి.”

“బోనసూ కావాలి, బిళ్ళా పోవాలి.”

“రెండూ కుదరవు.”

“అయితే కూర్చుందాం సార్. నాకేం తొందర లేదు. నేను పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. మీరు రెండో కప్పు కాఫీలో ఉన్నారు. ముందు ఎవరు లేస్తారో చూద్దాం.”

“అదేం... అది బేరం కాదు.”

“మీకే అర్జెంటు సార్, నాకు కాదు. ఏళ్ళ తరబడి అలవాటు చేశారుగా.”

“అబ్బబ్బ, ఏంటండీ ఈ మొండితనం? కొత్తగా వచ్చారు కాబట్టి మీకు తెలీదు. ఆ బిళ్ళ డిమాండు మొదట్నుంచీ ఉత్తుత్తిదే కదా. మీ అన్నగారు ముందురోజే వచ్చి చెప్తారు, ‘చివర్లో అది వదిలేస్తాం సార్, మీరు కాస్త గట్టిగా కాదనండి చాలు’ అని. మరి ఈసారేమో మీరు...”

“ఈసారేమో?”

“ఈ కాయ పుచ్చు. పారేస్తా.”

“అన్నయ్యా. ఈసారేమో?”

“ఆట ఆపేద్దాం. నాకు పనుంది.”

“ముందురోజే వెళ్ళి చెప్తావా?”

“ఆటలో మాటే. ఏదో నోటికొచ్చింది.”

“అచ్చు అలాగే అంటాడని నువ్వేగా చెప్పావు.”

“పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది, చూడు.”

“పొయ్యి ఇంకా వెలిగించలేదు. చెప్పు.”

“ఏం చెప్పను? బేరమంటే అంతేనే. ప్రతి యూనియనూ చేసేదే. వదులుకోడానికని ఒకటి పెట్టుకుంటాం. అవతలివాడు కూడా పైవాళ్ళకి ‘ఇదిగో, ఇది ఒప్పుకోలేదు’ అని చూపించుకోవాలిగా. అప్పుడే మిగతావి ఇస్తాడు.”

“వదులుకోడానికి మాదే దొరికిందా?”

“ఏది వదిలినా ఎవరో ఒకరు గొడవకి దిగుతారు. బస్సు వదిలితే కటింగువాళ్ళు ఊరుకోరు. మీరైతే...”

“చప్పట్లు కొడతాం.”

“...ఊఁ.”

“మొదట్నుంచీ ఇంతేనా?”

“మొదటిసారి నిజంగానే అడిగానే. నీ మీదొట్టు. ఆయన కాదన్నాడు. రెండోసారి కాదంటాడని నేనే అనేసుకున్నా. తర్వాత అలవాటైపోయింది. నీకు ఇంత బాధగా ఉందని నాకేం తెలుసు?”

“అన్నయ్యతో చెప్పుకునే జబ్బా ఇది?”

“...కాదులే.”

“గింజలు కింద పడ్డాయి, ఏరు.”

“ఏరుతున్నా. అందరికీ చెప్తావా?”

“చెప్తే గెలుస్తా.”

“ఊఁ.”

“చెప్పకపోయినా గెలుస్తా. వరండాలోనే లెక్కేసుకున్నాం.”

“అయితే విను, నేనే తప్పుకుంటా. రేపు పొద్దున్నే. బీపీ పెరిగింది, డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడని చెప్తా. మీసాలాయన ఎలాగూ నిలబడలేదు. నువ్వు పోటీ లేకుండా నెగ్గుతావు, నా పరువూ నిలుస్తుంది. సరేనా?”

“వద్దు.”

“వద్దేంటే? కుర్చీ చేతిలో పెడుతున్నా.”

“అదే వద్దంటున్నా. నువ్విస్తే నువ్విచ్చిందే అవుతుంది. అన్న లేచాడు, చెల్లెలు కూర్చుంది అంటారు. ఆ మేనేజరు కూడా నన్ను పక్కన పెట్టి, ‘మీ అన్నగార్ని ఒకసారి రమ్మనండి’ అంటాడు. నాకు ఓట్లు కావాలి. నువ్వు ఎదురుగా నిలబడాలి, నీ మీద నేను నెగ్గాలి.”

“నిన్ను తప్పుకోమని అడగడానికి వచ్చానే నేను.”

“నిన్ను తప్పుకోవద్దని అడుగుతున్నా నేను.”

“ఓడిపోతానని తెలిసీ నిలబడాలా?”

“మేం ఇన్నేళ్ళూ ఓడిపోతామని తెలియక అడిగాం. నీకు తెలిసి ఒకసారి నిలబడితే ఏం?”

“...మాటలు ఎక్కడ నేర్చావే నువ్వు?”

“దెబ్బలు తిన్నానుగా, టీచరుగారి దగ్గర.”

“సరే. నిలబడతాలే. మరి ఆ ముందురోజు సంగతి?”

“నేను ఎవరికీ చెప్పను.”

“అమ్మయ్య. బతికించావు తల్లీ.”

“నువ్వే చెప్తావు. రేపు గేటు మీటింగులో, మైకులో.”

“నేనా?”

“నువ్వే. మొదటిసారి నిజంగా అడిగావు చూడు, ఆ ముక్క కూడా చెప్పు. అదీ నిజమేగా.”

“నీకు పిచ్చా? అదంతా విన్నాక నాకు ఓటెవరు వేస్తారే? కటింగువాళ్ళ పెళ్ళాలూ చెల్లెళ్ళూ అంతా మీ లైన్లలోనే ఉన్నారు. మీసాలాయన సరేసరి. ఒక్కటంటే ఒక్క ఓటు కూడా పడదు నాకు.”

“ఒకటి పడుతుంది అన్నయ్యా. నువ్వు ఆ మాట చెప్తే, నా ఓటు నీకే.”