తోమిన రేకు

1972 వేసవి. వాతావరణం కొలవడానికి ఎగరేసిన బెలూన్ నుంచి మాదాపూర్ చేలో పడిన పెట్టె కోసం జీపులో వచ్చిన ఆఫీసరుకు ముసలి రైతు దాన్ని భద్రంగా అందించాడు.

"మూత ఊడిపోయింది సారూ. లోపలి రేకంత మసి వట్టుంటే మా బుచ్చమ్మ చింతపండేసి తోమింది. జర జూడుండ్రి, అద్దం లెక్క మెరుస్తలేదా?"

ఆఫీసరు రేకును వెలుగులోకి తిప్పి చూశాడు. ఒక్క గీతా లేదు.

"ఆ మసి మేం పూసిందే, పెద్దాయనా. ఎంత ఎత్తులో ఎంత చలి ఉందో పెట్టెలోని ముల్లు దానిమీదే గీస్తుంది."

"అయ్యో! గట్లయితే ఇంకోటి ఎగిరేయుండ్రి."

"ఈ పెట్టె చెయ్యడం మా ఆఫీసులో రామబ్రహ్మంగారొక్కరికే తెలుసు. ఆ గీత చూడాలని పదేళ్లు కష్టపడ్డారు. మొన్న పోయారు."

రైతు తలపాగా తీసేశాడు.

"ఇగ నేనేం జేయాలె సారూ?"

"తోమిన గుడ్డ ఉందా?"

"ఉన్నది. దాన్ల ఏం గనవడ్తది? ఉత్త మసే."

"తెలుసు. అయినా ఇవ్వండి. ఆయన గీత ఆ మసిలోనే ఉంది."